పెద్దల్లుడి రేటు

మా అత్తగారి వైపు చుట్టాలవి పదకొండు ఇళ్లు. పోయిన ఎండాకాలం వరకూ ఆ పదకొండు ఇళ్లలో ఎవరు ఫ్రిజ్ కొన్నా, టీవీ కొన్నా, చివరికి గోడ గడియారం కొన్నా ముందు నాకే ఫోను వచ్చేది. "బావా, రేపు ఖాళీయేనా?" అని. నేను ఖాళీగా లేకపోయినా ఖాళీయే. పెద్దపల్లి ఆఫీసులో సగం రోజు సెలవు పెట్టి, గోదావరిఖని బస్సెక్కి, కొనేవాళ్ల కంటే ముందే వెళ్లి షాపు ముందర నిలబడేవాణ్ణి.

ఇప్పుడు ఆ ఫోన్లు మా షడ్డకుడికి పోతున్నాయి. షడ్డకుడంటే మా ఆవిడ అక్క భర్త, ఆ ఇంటికి పెద్దల్లుడు. ఆ మనిషి మీద నాకు కోపం లేదు. కోపమైతే బాగుండేది, నాలుగు రోజులకు చల్లారుతుంది. ఇది అసూయ. ఇది కూడా చల్లారుతుందేమోనని ఏడాదిగా చూస్తున్నాను.

నేను దుకాణాల మధ్య పెరిగాను. గోదావరిఖని బజారులో మా బాపుది స్టీలు సామాను దుకాణం. ఎడమ పక్క బట్టలు, కుడి పక్క రేడియోలు, టీవీలు. బాయి జీతాలు, అంటే బొగ్గు గని జీతాలు, పడ్డ వారం బజారంతా జాతరలా ఉండేది. మా బాపు నాకు నేర్పిన వ్యాపారం ఒక్క మాటలో అయిపోతుంది. "వచ్చినోళ్లు ఏం అడుగుతున్నరో వినకు బిడ్డా, చెయ్యి దేని మీద పెడుతున్నరో చూడు." అది విని పెరిగినవాణ్ణి కాబట్టి, నేను కొనడానికి పోయినప్పుడు కావలసిన వస్తువును చచ్చినా ముట్టుకోను. ఫ్రిజ్ కొనాలంటే ముందు కూలర్ల దగ్గర అరగంట తిరుగుతాను.

కానీ నా పేరు నిలబెట్టింది ఈ తెలివి కాదు. ఇంకొకటి ఉంది. ఇన్నేళ్లూ మా ఆవిడకు కూడా చెప్పలేదు.

పాత దుకాణాల వాళ్లు సరుకు ఎంతకు కొన్నారో డబ్బా మీదే రాసి పెట్టుకుంటారు. అంకెల్లో రాస్తే గిరాకి చదువుతాడు కాబట్టి అక్షరాల్లో రాస్తారు. పది వేరు వేరు అక్షరాలు వచ్చే మాటలేవో ఎంచుకుంటారు. మొదటి అక్షరం ఒకటి, రెండో అక్షరం రెండు, అలా పోతే పదోది సున్నా. ఆ మాటలు ఇంటివాళ్లకు తప్ప ఎవరికీ తెలియవు. కుడి పక్క టీవీల దుకాణం వాళ్లు, పక్క దుకాణం కదా అని, మా ఇంటికి కావలసిన మిక్సీ, ఫ్యాను, ఇస్త్రీపెట్టె కొన్న ధరకే ఇచ్చారు. నేను ఆ మూడు డబ్బాల మీది అక్షరాలు, బాపు ఇచ్చిన డబ్బు పక్కపక్కన రాసుకుని, ఒక వేసవి సెలవుల్లో కూర్చుని ఆ మాటలు పట్టేశాను. అవేమిటో ఇక్కడ రాయను. వాళ్లు ఇప్పటికీ అవే వాడుతున్నారు.

మా దుకాణం మూతపడింది. వాళ్లది మూడంతస్తులైంది. పెద్దాయన ఇంటిపట్టున ఉంటే కొడుకు చూసుకుంటున్నాడు. మా చుట్టాలందరినీ నేను అక్కడికే తీసుకుపోయేవాణ్ణి. డబ్బాను ఒకసారి అటూ ఇటూ తిప్పి, కంపెనీ చిరునామా చదువుతున్నట్టు మొహం పెట్టి, అక్షరాలు చూసుకునేవాణ్ణి. ఆ తర్వాత బేరం అంటే పరీక్ష పేపరు ముందే దొరికినవాడు పరీక్ష రాసినట్టే.

మా బామ్మర్ది ఫ్రిజ్ కొన్న రోజు షాపు ఓనరుతో నడిచిన మాటలు మా చుట్టాల్లో చాలా రోజులు తిరిగాయి.

"లాస్టు రేటు చెప్పు తమ్మీ."

"లాస్టే చెప్పిన అన్నా."

"గది ఫస్టు. నేను లాస్టు అడిగిన."

"దానికన్న తగ్గితె నాకు కిరాయి గూడ పడదన్నా."

"నీ సొంత బిల్డింగుల నీకు కిరాయేందిరా?"

అక్కడ బామ్మర్ది నవ్వాడు. ఓనరు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. లేచి బామ్మర్ది స్కూటరు దాకా నడిచాను, తాళం పెట్టాను, కిక్కు కొట్టాను. నాలుగో కిక్కుకు పిలిచాడు. డబ్బా మీది ధరకు రెండు వందలు ఎక్కువిచ్చి, స్టాండు ఊరికే తీసుకుని బయటపడ్డాం. రెండు వందలు, పాపం, బతకాలి కదా వాడు కూడా అనుకున్నాను. ఆ మాట ఎందుకు రాశానో తర్వాత తెలుస్తుంది.

ఇక షడ్డకుడు. ముప్పై ఏళ్లుగా బాయిలో పని, రామకృష్ణాపూర్‌లో ఇల్లు. మా అత్త ఇంటికి ఆయన ఇల్లు మూడు గల్లీల దూరం. మాట మెల్లగా వస్తుంది, అదీ అడిగితేనే. ఆ మనిషి టమాటాలు ఏరుకోవడం నేను చూడలేదు. కూరగాయల ఆమె ఏవి వేస్తే అవి సంచిలో పట్టుకొస్తాడు. ఒకసారి సీలింగ్ ఫ్యాను డబ్బా మీద అచ్చేసిన ధర పైసా తగ్గకుండా ఇచ్చి తెచ్చాడు. ఆ సంగతి నేను మూడు పెళ్లిళ్లలో భోజనాల దగ్గర చెప్పి నవ్వించాను. ఆయన కూడా నవ్వుతూ విన్నాడు. మూడోసారి పెరుగు వడ్డించుకుంటూ విన్నాడు.

మా అత్తకు వేళ్ల కణుపులు వాచాయి. బట్టలు పిండలేకపోతోంది. మామ పోయాక వచ్చే పెన్షన్‌లో కొంచెం కొంచెం దాచుకుని, బట్టలుతికే మిషను కొనాలనుకుంది. ముందు నన్నే అడిగింది, అది నిజం. నేనేమన్నాను? "ఇప్పుడు వద్దత్తా. దసరాకు బాయి బోనస్ పడ్డప్పుడు రేట్లు పెంచి తగ్గిస్తరు. దీపావళి అయినంక మిగిలిన సరుకు మీద నేను చూస్తా" అన్నాను. అది చెప్పింది మార్చి నెలలో. ఎనిమిది నెలలు వాచిన వేళ్లతో ఆగమని చెప్పానన్న ఆలోచన నాకు రాలేదు. నాకు అప్పటికే దీపావళి బేరం కళ్ల ముందు ఆడుతోంది.

మే నెలలో ఒక ఆదివారం రామకృష్ణాపూర్ పోయాం. వెనక గదిలో ఏదో గిర్రున తిరుగుతున్న చప్పుడు.

"అదేందత్తా?"

"మిషను బిడ్డా. పెద్దల్లుడు ఇప్పిచ్చిండు. పోయిన వారం ప్లే డే ఉండె, ఖనికి తోలుకపోయిండు."

బాయి పనివాళ్లు వారపు సెలవును ప్లే డే అంటారు. సెలవు రోజున, నాకు చెప్పకుండా, నా ఊరికి, నా షాపుకు. నేను వెనక గదిలోకి పోయి చూశాను. పైనుంచి బట్టలు వేసే రకం, మంచి కంపెనీ.

"ఎంతకిచ్చిండు?" అన్నాను, వీలైనంత మామూలుగా.

"పదహారున్నర వేలు."

"బేరం ఎవరు చేసిండ్రు?"

"బేరమేంది నాయినా. పెద్దల్లుడు లోపలికి పోయి రెండు మాటలు మాట్లాడిండు, నేను ఫ్యాను కింద కూసున్న. ఛాయ్ తాగంగనే అయిపోయింది. నీ తోని వస్తె నిలబడి నిలబడి కాళ్లు గుంజుతయి."

మా ఆవిడ నా వైపు చూసి, వెంటనే బట్టల వైపు చూసింది. ఆ నవ్వు ఎక్కడ దాచుకుందో నాకు తెలుసు.

మిషను డబ్బాను అత్త పారేయలేదు. మా వైపు ఎవరూ పారేయరు. సజ్జ మీద పెట్టింది. పాత పేపరు వెతుకుతున్నట్టు వెళ్లి చూశాను. డబ్బా పక్కకు అంటించిన చిన్న కాగితం, దాని మీద నేను చిన్నప్పటి నుంచి చదువుతున్న అక్షరాలు. పద్దెనిమిది వేల ఐదు వందలు.

అంటే షాపువాడు పద్దెనిమిదిన్నరకు కొన్న మిషనును నోరు తెరవని మనిషికి పదహారున్నరకు ఇచ్చాడు. రెండు వేల నష్టానికి. నాకు ఇన్నేళ్లలో ఒక్క వంద నష్టానికి ఇవ్వలేదు. మధ్యాహ్నం అత్త కోడికూర చేసింది. రుచి తెలియలేదు. ఎదురుగా షడ్డకుడు కూర్చుని ఎముక నిదానంగా చప్పరిస్తున్నాడు.

"మిషను బాగ తెచ్చినవన్నా" అన్నాను.

"ఆఁ, తిరుగుతున్నది" అన్నాడు. అంతే.

వారం గడిచేసరికి సంగతి పదకొండు ఇళ్లకూ పాకింది. బామ్మర్ది ఏసీ కొనబోతూ పెద్ద బావను తీసుకుపోయాడని మా ఆవిడ చెప్పింది. "నీకు ఆఫీసుల పని ఎక్కువుందట కద, ఎందుకులే తకలీఫ్ అనుకున్నడట" అంది. నాకు పని ఎక్కువుందని వాడికి ఎవరు చెప్పారని అడిగాను. "నేనే" అంది.

ఆగలేకపోయాను. సోమవారం షాపుకు పోయాను. పొద్దున్నే బోణీ వేళ పోయాను. ఆ వేళ వచ్చిన గిరాకిని ఖాళీ చేతులతో పంపరని నాకు తెలుసు కాబట్టి. ఓనరు దేవుడి పటాలకు అగరుబత్తి తిప్పుతున్నాడు.

"మా అత్తకిచ్చిన మిషను అసుంటిదే ఇంకోటి కావాలె. అదే రేటుకు."

"తీస్కో అన్నా. నీకు కాదంటనా? పద్దెనిమిది."

"పదహారున్నర."

"పదహారున్నరకు నేను ఎవ్వలకు ఇయ్యలే. మీ షడ్డకుడికి పద్దెనిమిదికే ఇచ్చిన. బిల్లు చూపిస్త చూడు."

కంప్యూటర్‌లో బిల్లు చూపించాడు. పద్దెనిమిది వేలే ఉంది. అది చూడగానే నాకు సగం ప్రాణం లేచి వచ్చింది. కానీ మిగతా సగం ఊరుకోలేదు.

"పద్దెనిమిదికైనా ఎట్లిచ్చినవ్‌రా? డబ్బా మీద పద్దెనిమిదిన్నర ఉంటే?"

వాడు అగరుబత్తిని స్టాండులో గుచ్చి, మెల్లగా నా వైపు తిరిగాడు.

"డబ్బా మీద ఏముందన్నా? అక్షరాలే కద ఉండేది."

ముప్పై ఏళ్లు కడుపులో దాచుకున్న రహస్యం. పెళ్లానికి చెప్పనిది. ఒక్క షడ్డకుడి మీద కుళ్లుతో నా నోటితో నేనే, అదీ ఆ షాపు ఓనరుకే చెప్పాను.

వాడు కోప్పడలేదు. కుర్చీ జరిపి కూర్చోమన్నాడు. "నీకు ఎరికేనని మా బాపుకు ఎప్పటిసందో తెలుసన్నా. 'ఆడు డబ్బా తిప్పి చూసినంకనే బేరం మొదలువెడ్తడు, గమనించు' అని నాకు చెప్పిండు. అప్పటిసంది మేము డబ్బాల మీద కొంచెం కలిపి రాస్తం. చిన్నవాటికి వంద, రెండు వందలు. గిసుంటి పెద్దవాటికి వెయ్యిన్నర. మాకు తీసేసుకునుడు అలవాటైపోయింది."

నేను బామ్మర్ది ఫ్రిజ్ గురించి ఆలోచించాను. పాపం బతకాలి కదా అని వదిలిన రెండు వందల గురించి ఆలోచించాను. పదకొండు ఇళ్ల వస్తువులూ వరసగా కళ్ల ముందు తిరిగాయి, ప్రతిదాని మీదా రెండు వందలో, వెయ్యిన్నరో.

"మరి మా అన్నకు ఎందుకు పద్దెనిమిదికి ఇచ్చినవ్? వెయ్యిన్నర తీసేస్తె నీకు పదిహేడుకు పడ్డది, అంటే వెయ్యి లాభానికే కద."

వాడు తల గోక్కున్నాడు. "నాకు గూడ సమజ్ కాలేదన్నా. బేరం చేస్తడు కద అని ఇరవై ఒకటి చెప్పిన. సరే అన్నడు. సరే అంటె నాకేదో అయింది. ఇరవై చేస్తతియ్యి కాకా అన్న. సరే అన్నడు. పంతొమ్మిది అన్న. దానికి గూడ సరే అన్నడు. ఎక్కడ ఆగాలెనో తెల్వక పద్దెనిమిది కాడ ఆగిన."

"అత్తకు పదహారున్నర అని ఎవరు చెప్పిండ్రు?"

"ఆమె రుమాలుల కట్టి తెచ్చుకున్నది అంతే ఉండెనన్నా. మీ షడ్డకుడు నా దగ్గరికి వచ్చి మెల్లగ అన్నడు, 'ఆమె ముందల పదహారున్నర అను. తక్కువవడ్డదని తెలిస్తె కొనకుంట లేస్తది. అల్లుని పైసలు ముట్టదు' అని. మిగిలింది ఆయన జేబుల నుంచి ఇచ్చిండు. నీకు చెప్పిన్నని చెప్పకు."

బోణీ వేళ ఖాళీ చేతులతో పోకూడదని రెండు గడియారం సెల్లులు కొనుక్కుని బయటికొచ్చాను. బేరం లేకుండా.

నిజం చెప్పాలంటే నాకు బాధ కంటే ముందు సంతోషం కలిగింది. షడ్డకుడు గెలవలేదు, డబ్బులిచ్చి గెలిచినట్టు చూపించాడు. ఇది ఒక్కసారి అత్త ఇంట్లో చెబితే చాలు, ఫోన్లు మళ్లీ నాకే వస్తాయి. వచ్చే ఆదివారం వరకూ ఆ మాట ఎలా మొదలుపెట్టాలో ఆలోచించాను. గోదావరి బ్రిడ్జి మీద ఒక రకంగా అనుకున్నాను, మంచిర్యాలలో బస్సు మారాక ఇంకో రకంగా అనుకున్నాను. దాన్ని తమాషాగా చెప్పాలి, పెళ్లిలో ఫ్యాను సంగతి చెప్పినట్టు.

పోయేసరికి అత్త ఇంట్లో పక్కింటి అవ్వ కూర్చుని ఉంది. షడ్డకుడు గోడకు చేరి ఛాయ్ తాగుతున్నాడు. అత్త మిషను మూత ఎత్తి చూపిస్తూ ధర చెబుతోంది. చెప్పేటప్పుడు ఆ మనిషి మెడ కొంచెం నిటారుగా అయింది. "నా పైసల తోనే కొనుక్కున్న వదినా. కొడుకును అడగలే, అల్లుండ్లను అడగలే."

అవ్వ షడ్డకుడి వైపు తిరిగింది. "బిడ్డా, మా కోడలుకు గూడ గదే కావాలె. గంతకే ఇప్పియ్యరాదు. రేపు నీ ఎంబడి వస్తం."

షడ్డకుడి చేతిలో ఛాయ్ కప్పు ఆగింది. నాకు తెలిసినంతలో ఆ మనిషి మొహంలో గాబరా చూడటం అదే మొదటిసారి. ఇంకో వెయ్యిన్నర ఎక్కడిది, ఈ అవ్వ వెనక ఇంకో అవ్వ వస్తే ఎట్లా అన్నది ఆ మొహంలో కనిపిస్తోంది. ఆయనకు వచ్చిన అబద్ధం ఒక్కటే, అది అప్పటికే వాడేశాడు.

నేను బస్సులో తయారు చేసుకున్న మాట నాలుక చివర ఉంది. అత్త చెయ్యి మిషను మూత మీద ఉంది. బాపు నేర్పిన అలవాటు, నేను చెయ్యి చూశాను. కణుపులు వాచిన ఆ చెయ్యి మూతను తుడుస్తోంది, దుమ్ము ఏమీ లేకపోయినా.

"అది ఒక్క పీసే ఉండె అవ్వా" అన్నాను. "షాపుల అద్దం ముందల చూపెట్టనీకి పెట్టింది. అందుకే అంత తక్కువకు వచ్చింది. నేను గూడ మొన్న పోయి అడిగిన, ఇక లేదన్నడు. కొత్తదైతె పద్దెనిమిది."

"నీకు గూడ దొరకలేదా?" అంది అవ్వ.

"దొరకలే."

షడ్డకుడు ఛాయ్ తాగాడు. అత్త అవ్వ వైపు చూసి, ఎంతో మెల్లగా, నాకు స్పష్టంగా వినపడేట్టు అంది: "చూసినవా వదినా, ఉన్న ఒక్కటి గూడ పెద్దల్లునికే దొరికింది."

ఆ మాట తర్వాత ఆ ఇంట్లో నా దుకాణం కూడా మూతపడింది.

మొన్న మార్చిలో మాత్రం అత్త నాకు ఫోను చేసింది. మంచం పక్కన పెట్టుకునే ఫ్యాను కావాలంది. పెద్దల్లుడికి వరసగా డ్యూటీలు పడ్డాయట, అందుకని నాకు. ఆ అందుకని అన్నది కూడా దాచకుండా చెప్పింది. నేను పరుగెత్తాను. ఓనరు నన్ను చూసి, నేను డబ్బా తిప్పకముందే ధర చెప్పాడు. అయినా అలవాటు కొద్దీ ముప్పావు గంట కొట్లాడి వంద తగ్గించాను. ఫ్యాను తీసుకుని రామకృష్ణాపూర్ పోయి, కొన్నదానికి మూడు వందలు తక్కువ చెప్పాను.

అత్త కొంగు ముడి విప్పి డబ్బులిచ్చింది. ఫ్యాను వేసుకుని కాసేపు గాలికి కూర్చుంది.

"మంచిగనే తెచ్చినవ్ బిడ్డా" అంది. తర్వాత ఆలోచించి అంది, "పెద్దోడైతె ఇంకో వంద తగ్గిచ్చేటోడు."

బస్టాండుకు నడుస్తుంటే షడ్డకుడు మొదటి షిఫ్టు దిగి ఎదురొచ్చాడు. కళ్ల కింద బొగ్గు మరక ఇంకా పోలేదు. ఫ్యాను తెచ్చానని చెప్పాను. ఆయన నా మొహం చూసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎంత కలిపినవ్ తమ్మీ?"

నాకు మిషను సంగతి తెలుసని షాపువాడు ఆయనకూ చెప్పాడన్నమాట. "మూడు వందలు" అన్నాను.

"ఒక్క వంద తక్కువైంది" అన్నాడు, నవ్వకుండా. భుజం మీద చెయ్యి వేసి, ఇంటికి పోయాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ వంద గురించే ఆలోచించాను. ఆయనకు తెలియదు కానీ, షాపు మెట్లు దిగుతూ నేను నిజంగానే నాలుగు వందలు అనుకున్నాను. బస్టాండు దగ్గరికి వచ్చేలోపు నాతో నేను బేరమాడి మూడుకు దింపాను.